ఎవరి గడియారం ప్రకారం ఆలస్యం?

సర్కారు పనుల టెండర్లలో ఒక తగువు ఉంది. చూడ్డానికి చాలా చిన్నది. గడువు సాయంత్రం అయిదు. "నేను అయిదుకి ముందే పంపాను" అంటాడు కాంట్రాక్టరు. "మాకు అందలేదు" అంటాడు ఇంజనీరు. ఇద్దరూ అబద్ధం చెప్పకపోవచ్చు. జరిగిందేమిటో పూర్తిగా తెలిసినది మధ్యలో ఉన్న సర్వర్‌కి మాత్రమే. దాన్నేమో ఎవరూ అడగరు. అడిగినా, ఆ పోర్టల్ నడిపేవాళ్ళు చెప్పిందే వినాలి.

ఈ విషయం మీద నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను. గడువు గడువే, ఒక్క సెకను కూడా దయ చూపకూడదు. అయితే గడువులోపల ఏం జరిగిందో రుజువు చేసుకునే దారి కాంట్రాక్టరు చేతిలో ఉండాలి. ఇప్పుడు మన దగ్గర మొదటిది ఉంది, రెండోది లేదు. అసలు గొడవంతా అక్కడే.

కొంచెం వెనక్కి వెళ్దాం. మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు టెండరంటే ఒకప్పుడు డబ్బాయే. ఎస్.ఇ. ఆఫీసు వరండాలో తాళం వేసిన ఇనప డబ్బా ఉండేది. షెడ్యూలు కొనుక్కోవడానికి ఆఫీసుకి పోవాలి, నింపి డబ్బాలో వెయ్యడానికి మళ్ళీ పోవాలి. పోయినవాడెవడో అందరికీ తెలిసిపోయేది. రింగు కట్టినవాళ్ళు గేటు దగ్గరే నిలబడేవాళ్ళు. ముందు మర్యాదగా "అన్నా, ఈ పని మనోళ్ళకి ఇడిసిపెట్టు, వచ్చేది నీకు" అనేవాళ్ళు. వినకపోతే కవరు గుంజుకునేవాళ్ళు. అంతా మాట్లాడుకున్నాక అంచనా మీద ఎక్సెస్‌కి ఒకడు వేసేవాడు, వాడికంటే కాస్త ఎక్కువకి తక్కినవాళ్ళు తోడు టెండర్లు వేసేవాళ్ళు. ఆ ఎక్కువ ఎవరి జేబులోంచి పోయేదో వేరే చెప్పక్కర్లేదు.

2003 జనవరిలో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇ-ప్రొక్యూర్‌మెంట్ మొదలుపెట్టింది. నీటిపారుదల, రోడ్లు-భవనాలు, ఆర్టీసీ లాంటి కొన్ని శాఖలతో మొదలై తర్వాత దాదాపు అన్నిటికీ పాకింది. సి1 ఇండియా అనే ప్రైవేటు కంపెనీ దాన్ని కట్టి నడిపింది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున ఈ పని చేసిన మొదటి రాష్ట్రాల్లో మనదొకటి. సాఫ్ట్‌వేర్ వల్ల జనానికి ఒరిగిందేమిటని అడిగేవాళ్ళకి నేను చెప్పే మొదటి ఉదాహరణ ఇదే. గేటు దగ్గర నిలబడేవాడి ఉద్యోగం పోయింది! ఆసిఫాబాద్‌లో కూచుని మంథనిలో పనికి టెండరు వెయ్యొచ్చు, వేసింది ఎవరో తెరిచేదాకా తెలియదు.

పోయింది అన్నానే గానీ అంత తేలిగ్గా పోలేదు లెండి. ఆన్‌లైన్‌లో బిడ్ వేసినా, ధరావతు కోసం తీసిన డి.డి., బ్యాంకు గ్యారంటీ అసలు కాయితాలు ధరల బిడ్లు తెరిచేలోగా ఆఫీసుకి పోయి ఇవ్వాల్సి వచ్చేది. అంటే మళ్ళీ అదే వరండా, అదే గేటు. గేటు దగ్గర మనిషి మళ్ళీ ప్రత్యక్షం. చివరికి 2008 సెప్టెంబరు 1న నీటిపారుదల శాఖ జీ.ఓ. 174 తెచ్చి ఆ నిబంధన ఎత్తేసింది. స్కాన్ చేసి ఎక్కిస్తే చాలు, అసలు కాయితాలు గెలిచినవాడు తెస్తే చాలు అంది. సాఫ్ట్‌వేర్ అయిదున్నరేళ్ళుగా చెయ్యాలనుకున్న పనిని ఒక పేజీ జీ.ఓ. పూర్తి చేసింది. మనం కోడ్ ఎంత బాగా రాసినా, పక్కన ఒక కాయితం నిబంధన మిగిలిపోతే మొత్తం వ్యవస్థ దాని చుట్టూనే తిరుగుతుందన్నమాట.

సరే, గేటు పోయింది. ఇప్పుడు జరిగేదేమిటి?

జిల్లాల్లో చిన్న కాంట్రాక్టర్లు టెండరు సొంతంగా వెయ్యరు. కోర్టు దగ్గరో బస్టాండు దగ్గరో ఒక నెట్ సెంటరుంటుంది. అక్కడి కుర్రాడి సొరుగులో పదిహేను, ఇరవై డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లుంటాయి, ఒక్కోదానికి దారం కట్టి పేరు రాసి. (భద్రత గురించి ఉపన్యాసాలిచ్చే మిత్రులు ఇక్కడ ఒక నిమిషం కళ్ళు మూసుకోండి.) చివరి రోజు మధ్యాహ్నం నుంచి అక్కడ కాలు పెట్టే చోటుండదు. అందరూ చివరి గంటలోనే ఎందుకు వేస్తారని హైదరాబాద్‌లో కూచుని తిట్టుకోవడం తేలికే. ఎంత లెస్‌కి పోవాలో తేల్చుకోవడానికి కంకర రేటు, సిమెంటు రేటు, ట్రాక్టరు కిరాయి చివరిదాకా కనుక్కుంటూనే ఉంటారు. ధరావతు డబ్బు ఇంకో పనిలో ఇరుక్కుని ఉంటుంది, అది వచ్చేదాకా ఆగాలి. ముందే వేస్తే నెట్ సెంటరు కుర్రాడి ద్వారా తన రేటు బయటికి పోతుందేమోనని భయం. ఆ భయం అనవసరమని నేననను. ఒకే సొరుగులో పోటీదారులందరి టోకెన్లూ ఉన్నాయి మరి!

మా మేనమామ చిన్న కాంట్రాక్టరు. చెరువు మత్తళ్ళు, తూములు, ఊరి సిమెంటు రోడ్లు, ఇలాంటివే చేస్తాడు. 2016 ఎండాకాలంలో మంచిర్యాల నెట్ సెంటరు నుంచి ఫోన్ చేశాడు. గొంతులోనే తెలిసిపోయింది ఏదో అయ్యిందని.

"అల్లుడా, నువ్వు కంప్యూటరోనివి గదా, ఒక్క మాట చెప్పు. ఫైళ్ళన్నీ ఎక్కినయి. ఆఖరుకు బటన్ ఒత్తితే సుట్టు తిరిగింది, తిరిగింది, పేజీ తెల్లగయింది. మల్ల లోపటికి పోతే టైం అయిపోయింది అంటుంది. నేను ఏసినట్టా, ఎయ్యనట్టా?"

"రసీదు వచ్చిందా మామా?"

"ఏడికెళ్ళి అస్తది? పేజీయే తెల్లగుంటే!"

ఆయన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. పదేళ్ళ అనుభవం, రెండు సర్టిఫికెట్లు ఉండి కూడా లేదు. ఎందుకంటే ఆ జవాబు బయటినుంచి తెలుసుకోవడం కుదరదు. రిక్వెస్ట్ మంచిర్యాల దాటలేదా? సర్వర్‌దాకా పోయి క్యూలో నిలబడిందా? సర్వర్ తీసుకుని డేటాబేస్‌లో రాసి, జవాబు మాత్రం దారిలో పోయిందా? మూడింటికీ ఇటువైపు కనబడేది ఒకటే, తెల్ల పేజీ. మనలో ఎవరు పేమెంట్ సిస్టమ్ మీద పనిచేసినా ఈ మూడో రకం గురించి రాత్రిళ్ళు నిద్ర లేకుండా ఆలోచిస్తారు. టికెట్ బుకింగ్‌లో డబ్బు కట్ అయి టికెట్ రాకపోతే డబ్బు వెనక్కి వచ్చే ఏర్పాటుంది. టెండరులో అవకాశాన్ని వెనక్కిచ్చే ఏర్పాటు లేదు.

మామ మర్నాడు ఆ పని పిలిచిన ఆఫీసుకి పోయాడు. "సిస్టంల లేదు, మేం ఏం జేస్తం" అన్నారు. పోర్టల్ హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేస్తే "మా వైపు ఏ సమస్యా లేదు సార్" అన్నారు. వానలు పడేలోగా తూము పని ముగించాలి, వేరేవాళ్ళకి అప్పజెప్పేశారు. కోర్టుకి పోవాలంటే హైదరాబాద్ రావాలి, వకీలు ఫీజు ఆ పనిలో మిగిలే లాభాన్ని మించిపోతుంది. వదిలేశాడు. ఈ తగువుల్లో ఎక్కువ భాగం ఇలాగే ముగుస్తాయని నా నమ్మకం. మనం పేపర్లో చదివేవన్నీ పెద్ద కంపెనీలవే.

ఆ పెద్దవాటిలో అందరూ చూడవలసినది ముంబైది. బి.డి.డి. చాల్స్ అని వందేళ్ళ నాటి కార్మికుల ఇళ్ళు. వాటి పునర్నిర్మాణం టెండరులో షాపూర్‌జీ పల్లోంజీ కంపెనీ బిడ్ పోర్టల్‌లో దాఖలైనట్టు నమోదు కాలేదు. పోర్టల్‌లో చివరి మెట్టు 'ఫ్రీజ్' అనే బటన్. అది నొక్కితేనే బిడ్ వేసినట్టు లెక్క, అప్పుడే రసీదు పుడుతుంది. మేం అంతా సరిగ్గానే చేశాం, సాంకేతిక లోపం వల్ల రసీదు రాలేదని కంపెనీ. లోపమేమీ లేదు, మిగతావాళ్ళవి వచ్చాయి కదా అని అవతలి పక్షం. బాంబే హైకోర్టు కంపెనీ వైపు మొగ్గింది. 2018 జనవరి 12న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి, టెండరు పిలిచిన సంస్థ నిర్ణయమే నిలబెట్టింది.

తీర్పుతో నాకు పేచీ లేదు. కోర్టు ముందున్న సాంకేతిక నివేదిక లోపం లేదంటే కోర్టు ఏం చేస్తుంది? నా పేచీ అంతకు ముందు మెట్టుతో. ఆ నివేదిక ఇచ్చేది పోర్టల్ కట్టి నడిపేవాళ్ళే! మన ఆఫీసులో ప్రొడక్షన్ పడిపోతే, కోడ్ రాసినవాడినే పిలిచి "నీ తప్పుందా?" అని అడిగి, "లేదు" అంటే కేసు మూసేస్తామా? లాగ్స్ తియ్యమంటాం. ఇద్దరు ముగ్గురం కూచుని చూస్తాం. పైగా దేశంలో అతి పెద్ద నిర్మాణ కంపెనీల్లో ఒకటి, వకీళ్ళకి లోటు లేనిది, రుజువు చేసుకోలేకపోయింది. మంచిర్యాల నెట్ సెంటరులో మనిషి ఏం చేసుకుంటాడు?

చట్టం ఏమంటోందో కూడా చూద్దాం, ఎందుకంటే ఇది మన వృత్తికి దగ్గరి చట్టమే. సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 13వ సెక్షను ప్రకారం, అందుకునేవాడు ఫలానా కంప్యూటరుకి పంపమని నిర్ణయించి చెప్పి ఉంటే, రికార్డు ఆ కంప్యూటరులోకి ప్రవేశించిన క్షణమే అందిన సమయం. 'ప్రవేశించిన' అన్నది చదివి నేను చాలాసేపు ఆగాను. ఫైలు 4:52కి ఎక్కడం మొదలైంది, 4:58కి సర్వర్ డిస్కు మీద పడింది, 4:59కి సంతకం సరిచూసింది, 5:00:03కి డేటాబేసులో వరస చేరింది. ఎప్పుడు ప్రవేశించినట్టు? లోడ్ బాలెన్సర్ దగ్గరా, అప్లికేషన్ దగ్గరా, డేటాబేసు దగ్గరా? 2000లో చట్టం రాసినవాళ్ళకి ఈ మెట్లన్నీ కనిపించి ఉండవు, వాళ్ళని అనుకుని లాభం లేదు. అదే సెక్షనులో, ఇరుపక్షాలూ వేరేగా ఒప్పుకుని ఉంటే అదే చెల్లుతుందని కూడా ఉంది. పోర్టల్ షరతులకి 'అంగీకరిస్తున్నాను' అని టిక్కు పెట్టడంతోనే ఆ ఒప్పుకోవడం అయిపోతుంది. కేంద్ర ప్రభుత్వ పోర్టల్ షరతుల్లో సర్వర్ టైమే ప్రమాణమనీ, ఆలస్యమైతే బాధ్యత బిడ్డరుదేననీ రాసి ఉంటుంది. సర్వర్ టైమ్ ప్రమాణం అవ్వాల్సిందే, మామ చేతి గడియారం ప్రమాణం కాలేదు కదా. కాకపోతే సర్వర్‌లో ఏ సంఘటన టైమ్? అది చెప్పరు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఈ గొడవ ఇంకో రూపంలో తెలిసే ఉంటుంది. అక్కడ చాలా టెండర్లు ఈమెయిల్లోనే పోతాయి. ప్రభుత్వ సర్వర్ మొదటి గుమ్మాన్ని గడువుకి ముందే తాకి, అధికారి ఇన్‌బాక్సుకి ఆలస్యంగా చేరితే? 2002లో సీ బాక్స్ అనే కంపెనీ ఫిర్యాదులో అక్కడి ఆడిట్ సంస్థ గావ్, ఆలస్యమే అంది. వాళ్ళ నిబంధన ప్రకారం ఎలక్ట్రానిక్ బిడ్‌కి రక్షణ కావాలంటే ముందు పనిదినం సాయంత్రం అయిదులోపే గుమ్మం దాటాలి. ఫెడరల్ క్లెయిమ్స్ కోర్టు మాత్రం వేరే దారి పట్టింది. 2011లో వాటర్సన్ కన్‌స్ట్రక్షన్ కేసులో సైన్యం మెయిల్ సర్వర్లు ఉప్పెనలా వచ్చిన మెయిళ్ళతో ఉక్కిరిబిక్కిరయ్యాయి. 2013లో ఇన్‌సైట్ సిస్టమ్స్ కేసులో యూ.ఎస్. ఎయిడ్ లోపలి సర్వర్ మెయిల్ అందుకుని ముందుకి పంపలేదు. రెండింటిలోనూ, బిడ్ గడువులోపే ప్రభుత్వం అధీనంలోకి వచ్చేసింది, లోపల ఆగిపోతే పంపినవాడి తప్పు కాదు అంది కోర్టు. 2022లో ఇ-సింప్లిసిటీ అనే కంపెనీ మెయిల్‌ని సైజు ఎక్కువైందని నౌకాదళం సర్వరు తిప్పికొడితే, అక్కడా కంపెనీనే గెలిపించింది.

గావ్‌కీ కోర్టుకీ మధ్య ఈ భేదం ఇరవయ్యేళ్ళు నలిగింది. ఎవరిది సరైనదన్నది పక్కన పెడితే, ఆ కేసుల్లో నాకు నచ్చింది ఒకటుంది. ఏ సర్వర్‌కి ఏ నిమిషంలో చేరిందో నిమిషాల లెక్కతో కోర్టు బల్ల మీద ఉంది. మెయిల్ కాబట్టి పంపినవాడి దగ్గర కూడా ఒక ముక్క రుజువు మిగిలింది. మన పోర్టళ్ళలో మొత్తం రుజువు ఒకవైపే ఉంది, పంపినవాడి దగ్గర తెల్ల పేజీ ఉంది.

ఇంత చెప్పాక, "మరి అయిదు నిమిషాలు సడలిస్తే పోదా" అని అడిగేవాళ్ళుంటారు. మా ప్రాంతంలో ఈ ప్రశ్నకి బరువుంది. 2024 ఫిబ్రవరి చివర్లో ఆదిలాబాద్ జిల్లాలో ఒక ఇంటర్ విద్యార్థి, ఆలస్యమైందని పరీక్ష రాయనివ్వకపోతే, ప్రాణం తీసుకున్నాడు. ఆ తర్వాత ఇంటర్ బోర్డు 'ఒక్క నిమిషం' నిబంధన సడలించి అయిదు నిమిషాల గడువిచ్చింది. బోర్డు చేసింది ముమ్మాటికీ సరైన పని, ముందే చేసి ఉండాల్సింది. పిల్లాడు నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చి కూచుంటే పక్కవాడికి పోయేదేమీ లేదు, ఈ పిల్లాడి టైమే తగ్గుతుంది. టెండరు అలాంటిది కాదు. అక్కడ ఆలస్యంగా వచ్చేవాడికి లాభం ఉండొచ్చు. ఇంకెంతమంది వేశారో, ఎవరు వెయ్యలేదో, పక్క ఊరివాడు ఎంత లెస్ పోయాడో, ఏ చిన్న కబురు తెలిసినా రేటు మారిపోతుంది. అంతకంటే పెద్ద ముప్పు, సడలించే అధికారం ఒక మనిషి చేతిలో పెడితే ఆయన ఎవరికి సడలిస్తాడన్నది. "సార్, మనోడు ఎక్కిస్తుండు, ఒక్క పది నిమిషాలు" అనే ఫోన్ మామకి చేతకాదు. చేతనైనవాళ్ళు వేరే ఉన్నారు. మళ్ళీ గేటు దగ్గర మనిషే!

2018లో మధ్యప్రదేశ్‌లో ఏమైందో చూశాం కదా. వేసిన ఇ-టెండర్లని లోపలినుంచే తెరిచి, కావలసినవాళ్ళ రేటు అందరికంటే తక్కువయ్యేలా మార్చారని ఆరోపణ. 2019 ఏప్రిల్‌లో అక్కడి ఆర్థిక నేరాల విభాగం ఎఫ్.ఐ.ఆర్. పెట్టింది. నావి నిజమా అబద్ధమా తేల్చే కేసులు కావివి. పోర్టల్ లోపల ఉన్నవాళ్ళని కళ్ళు మూసుకుని నమ్మొచ్చా అన్న ప్రశ్నకి మాత్రం ఆ ఉదంతం చాలు. గడువు దాటాక తలుపు తెరిచే తాళంచెవి ఉండటమే ప్రమాదం, ఆ చెవి మంచివాడి చేతిలో ఉన్నా సరే.

కాబట్టి నేనడిగేది దయ కాదు. సర్వర్‌లో జరిగిన ప్రతి మెట్టుకీ అప్పటికప్పుడు బిడ్డరు చేతికో చీటీ. ఫైలు అందగానే దాని హాష్, టైము, పోర్టల్ సంతకంతో ఒక ఎస్సెమ్మెస్, ఒక మెయిలు. రేటు బయటపడదు, ఫైలు ఉనికి మాత్రం రుజువవుతుంది. చివరి బటన్ ఒత్తాక పేజీ తెల్లబడినా, ఆ రిక్వెస్ట్ సర్వర్‌ని తాకి ఉంటే ఎస్సెమ్మెస్ వస్తుంది, తాకకపోతే రాదు. నా మామకి ఆ సాయంత్రమే తెలిసిపోయేది, వేసినట్టా వెయ్యనట్టా అని. ఇది రాయడం ఎంత పనో మీకు నేను చెప్పక్కర్లేదు, ఒక స్ప్రింటు కూడా పట్టదు. ధరావతు ఆన్‌లైన్‌లో కట్టి, బ్యాంకు నుంచి 'పెండింగ్' అని వేలాడే కేసులకీ ఇదే మందు, డబ్బు ఖాతాలోంచి కదిలిన టైము చూసుకోవాలి గానీ పోర్టల్‌లో పచ్చగా మారిన టైము కాదు. గడువు రోజున సర్వర్ ఎన్ని నిమిషాలు పడుకుందో పోర్టలే బయటికి చూపించాలి, ఫలానా నిమిషాలకి మించితే అందరికీ ఒకేలా, ఎవరి సంతకం అవసరం లేకుండా, గడువు మర్నాటికి పోవాలి. ఆ ఫలానా ఎంత అన్నది టెండరు షరతుల్లో ముందే రాసుండాలి.

ఇవేవీ లేని ఇవాళ్టి రోజున కూడా ఒక దారి ఉంది, అది చాలామందికి తెలియదు. 2022 ఏప్రిల్ 28న సర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలూ, డేటా సెంటర్లూ తమ సిస్టమ్స్ లాగ్స్ 180 రోజులు దాచి ఉంచాలి. గడియారాలు కూడా ఎన్.ఐ.సి. లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల టైము సర్వర్లతో కలుపుకోవాలి. అంటే ఆ సాయంత్రం ఏం జరిగిందో ఆరు నెలలపాటు ఎక్కడో రాసి ఉండాల్సిందే. సమాచార హక్కు చట్టం కింద అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి. భద్రతా కారణాలని తిరస్కరిస్తే మొదటి అప్పీలు, ఆ తర్వాత కమిషన్. కమిషన్ దాకా పోయేసరికి 180 రోజులు ఎప్పుడో దాటిపోతాయి, లాగ్ చెరిపేసినా ఎవరినీ తప్పుపట్టలేం. అందుకని, మీ ఇంట్లోనో ఊళ్ళోనో కాంట్రాక్టర్లుంటే ఒక మాట చెప్పండి. తెల్ల పేజీ వచ్చిన రోజే స్క్రీన్ ఫోటో తీసి, టెండరు నంబరు, లాగిన్ పేరు, టైము రాసి, ఈ బిడ్‌కి సంబంధించిన సర్వర్ లాగ్స్ తగువు తేలేదాకా చెరపకుండా దాచమని ఆఫీసుకీ పోర్టల్‌కీ మెయిలు పెట్టాలి. ఆఫీసులో కాయితం కూడా ఇచ్చి, ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోవాలి. ధరల బిడ్లు తెరవకముందే.